ఎత్తినోడే ముందు కూయల్ల

మా అబ్బా వాహిద్, జమ్మలమడుగు సంజీవ్ అంకుల్ మాట్లాడుకోవడం మానేసే నాటికి నాకు పాలపళ్లు కూడా ఊడలేదు. ఇప్పుడు నా డిగ్రీ అయిపోయింది. ఇన్నేళ్లూ వాళ్ల తరఫున వాళ్ల మోడెంలే మాట్లాడుకున్నాయి.

మోడెం అంటే తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. అది టెలిఫోన్ తీగకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టే చిన్న డబ్బా. ఒక ఊళ్లోని డబ్బా ఇంకో ఊళ్లోని డబ్బాకు ఫోన్ చేస్తుంది. అవతలిది ఫోన్ ఎత్తి సన్నగా "పీఁ..." అని కూస్తుంది. ఆ వెంటనే అదే "టింగ్, టింగ్" అంటుంది. తర్వాత రెండూ కలిసి ఇనుపరేకు మీద కంకర పోసినట్టు "గర్ర్‌ర్" అంటాయి. అంతే, స్నేహం కుదిరినట్టు. ఒకప్పుడు దేశానికి ఇంటర్నెట్ మొత్తం ఈ కూతతోనే వచ్చేది. సెల్‌ఫోన్లు వచ్చాక కూత పోయింది. ప్రపంచంలో డయలప్ మిగిలింది రెండే చోట్ల అని నా పరిశోధనలో తేలింది. ఒకటి ప్రొద్దుటూరు మెయిన్ బజారు పక్కసందులో మా 'వాహిద్ కార్డ్స్'. రెండోది జమ్మలమడుగులో సంజీవ్ అంకుల్ ప్రెస్సు. అది కూడా ఇంటర్నెట్ కోసం కాదు. ఒకరినొకరు తిట్టుకోవడం కోసం.

మాది పెళ్లికార్డుల అంగడి. మా వైపు ముస్లిం పెళ్లికార్డుకు ఒక పక్క ఉర్దూ ఉండాలి, ఇంకో పక్క తెలుగు ఉండాలి. ఉర్దూ లేకపోతే పెద్దవాళ్లు రారు, తెలుగు లేకపోతే ఎవరూ రారు. ఉర్దూ కూర్చడంలో అబ్బాకు తిరుగులేదు. తెలుగు మాత్రం సంజీవ్ అంకుల్ రాయాల్సిందే. ఆయన తాత మిషన్ బడిలో తెలుగు పంతులు. అంకుల్ రాసిన ఆహ్వానం చదివితే, ఆ పెళ్లికి రాకూడదని ఒట్టేసుకున్న పగవాడు కూడా కొత్త చొక్కా కుట్టించుకుంటాడు. "నా తెలుగు పంచాయితీకి పనికొస్తాది గానీ పెండ్లికి పనికిరాదు" అని అబ్బానే ఒప్పుకుంటాడు. అందుకని ఇక్కడినుంచి ఉర్దూ అక్కడికి, అక్కడినుంచి తెలుగు ఇక్కడికి, రోజూ నాలుగింటికి టెలిఫోన్ తీగ మీద నడిచి వెళ్లేవి.

ఇక గొడవ సంగతి. అబ్బా కంప్యూటర్ నడిచేది విండోస్ మీద. అందులోనూ తొంభై ఎనిమిది నాటిది. ఆయన ఉర్దూ అక్షరాలు దాంట్లో తప్ప ఇంకెక్కడా నిలబడవు. అది ఆన్ అయ్యేలోపు మా చిన్నాన్న నయీం కువైట్ వెళ్లి, రెండు పెట్టెల నిండా సబ్బులు తెచ్చాడు. సంజీవ్ అంకుల్‌ది లినక్స్. దాని గుర్తు పెంగ్విన్. అబ్బా దాన్ని ఒక్కసారి కూడా పెంగ్విన్ అనలేదు. బాతు అంటాడు.

ఇద్దరూ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. మామా అంటే మామా అనుకునేవాళ్లు. పులివెందులలో ఒక పెళ్లికి కార్డు ఒప్పుకున్నారు. అబ్బా ఉర్దూ పంపాడు, అంకుల్ రెండూ కలిపి అచ్చు వేయాలి. సరిగ్గా ఆ వారమే అంకుల్ తన మిషన్‌లో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాడు. అబ్బా ఉర్దూ అక్కడ తెరిస్తే అన్నీ డబ్బాలు, వరసగా ఖాళీ డబ్బాలు. పెళ్లికొడుకు డబ్బా, పెళ్లికూతురు డబ్బా, కాజీ డబ్బా. మళ్లీ కూర్చి, అక్షరాలను బొమ్మగా మార్చి పంపి, అచ్చు వేసేసరికి కార్డులు పులివెందుల చేరింది పెళ్లి రోజున, భోజనాల వేళకు. చేసేదేం లేక పెళ్లివాళ్లు వాటిని కిళ్లీలతో పాటు పంచారు. ఒక ముసలాయన తింటూ తింటూ కార్డు చదువుకుని, "ఇయ్యాలేనంట పెండ్లి, పోదామా?" అని పక్కాయన్ను అడిగాడు.

అబ్బా, అంకుల్ ఆ ఫంక్షన్ హాల్లోనే, బిర్యానీ ముందు కూర్చుని తగువు పడ్డారు. నీ బాతు నా ఉర్దూను మింగిందని ఒకరు. నీ విండోసే దొంగ సీడీ, దాని ఫైలు దాని మాదిరే ఉంటుందని ఒకరు. చివరికి అబ్బా విస్తరి ముందునుంచి లేచి, మెతుకు ముట్టకుండా అమ్మీనీ నన్నూ లాక్కుని బస్సెక్కాడు. నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే నా ముక్క కూడా విస్తరిలోనే ఉండిపోయింది.

ఆ రోజునుంచి మాటల్లేవు. అబ్బాకు అసలు బాధ డబ్బాల గురించి కాదు. "నేను పస్తుతో బస్సెక్కితే, ఆయప్ప ఆడే కూసోని రెండోతూరి పెట్టించుకున్యాడు. నాకు తెలుసు!" అని నెలకోసారి అనేవాడు. చూసి వచ్చి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అయినా బిర్యానీలోకి దాల్చా ఎన్ని గరిటెలు వేయించుకున్నాడో కూడా అబ్బాకు తెలుసు.

మాటలు ఆగినా కార్డులు ఆగవు కదా. ఫైళ్లు పంపే తెర మీదే కింద నాలుగు మాటలు టైపు చేసుకునే వీలుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్లు.

"సంజీవ్ గారికి. ఉర్దూ పంపిస్తాండా. మీ బాతుకు అరుగుతాదో లేదో చూసుకోండి."

"వాహిద్ గారికి. అందింది. మీ మిషన్ ఇయ్యాల ఎన్నితూర్లు తెర మీద నీలం ముసుగేసుకొని పండుకున్యాది?"

"ముసుగేసుకున్నా మళ్లీ లేస్తాది. మీ మాదిరి ప్రింటర్ కదలాలంటే నాలుగు దినాలు మంత్రాలు చదివే ఖర్మ మాకు లేదు."

"మంత్రాలు కాదు, కమాండ్లు. మాది ఉచితం. మీది దొంగ సీడీ."

"దొంగ సీడీ గాబట్టే దొంగ మాదిరి పని చేస్తాంది. చప్పుడు లేకుండా."

మామా అనుకున్నవాళ్లు గారు అనుకుంటున్నారంటే అంతకంటే పెద్ద తిట్టు మా జిల్లాలో లేదు. అది చదువుతూ అబ్బా మీసం కింద నవ్వుకునేవాడు. నేను చూస్తే దగ్గేవాడు.

మా అమ్మీ మైమూన్‌కు ఈ కంప్యూటర్ల గొడవ పట్టదు. అంగడి వెనకే ఇల్లు. మోడెం కూత వినపడగానే చాయ్ పెట్టేది, ఎవరో చుట్టం వాకిట్లోకి వచ్చినట్టు. ఈ సంగతి కనిపెట్టాక నేను నోటితో మోడెం కూయడం నేర్చుకున్నాను. పీఁ, టింగ్ టింగ్, గర్ర్‌ర్. రోజుకు మూడు చాయ్‌లు అదనంగా వచ్చేవి. ఒకసారి అబ్బా కూడా మోసపోయి కళ్లజోడు వెతుక్కుంటూ పరిగెత్తాడు. దొరికిపోయాక నాకు చీవాట్లు పడ్డాయి గానీ, చివర్లో, "గర్రు బాగుంది. టింగుకు టింగుకు మధ్య కొంచెం ఎడం ఇయ్యల్ల" అని దిద్దాడు.

అలా సాగిపోతుండగా మా వీధి లైన్‌మాన్ లాల్ బాషా వచ్చి అంగడి మెట్ల మీద కూర్చున్నాడు.

"వాహిద్ బాయ్, ఈ నెలాఖరుకు పాత రాగి తీగలన్నీ పీకేస్తాండారు. కొత్తగా ఫైబర్ ఇస్తారు. నంబరు అదే ఉంటాది."

"మంచిదే గదప్పా. దాంట్లో మోడెం పలుకుతాదా?"

"అదే చెప్దామని వచ్చినా. పలకదంట. కొత్త తీగ కూతను ముక్కలు ముక్కలు చేసి పంపిస్తాది. మనిషి చెవికి తెల్దు గానీ మోడెంకు తెలిసిపోతాది."

"జమ్మలమడుగులో?"

"ఆడ గూడా పీకుతాండారు."

అబ్బా మోడెం మీద దుమ్ము తుడిచాడు. తర్వాత, "నాకేం నష్టం? కార్డుల గురించి అడిగినా, అంతే" అన్నాడు. ఆ మధ్యాహ్నం లాల్ బాషాకు మా ఇంట్లో తలకాయ కూర పెట్టి, మా ఒక్క తీగ మరచిపోవడానికి వీలవుతుందేమో అని అడిగాడు. లాల్ బాషా రెండుసార్లు కూర వేయించుకుని, వీలు కాదన్నాడు.

"బస్సెక్కి పోయి మాట్లాడి రాకూడదా?" అంది అమ్మీ. జమ్మలమడుగు బస్సు మా సందు మొదట్లోనే ఆగుతుంది. అబ్బా దానికి వీపు చూపిస్తూ నిలబడి, "నేనెందుకు పోవల్ల? లేచొచ్చింది నేను. కూసోని తినింది ఆయప్ప. ఆయప్పే రావల్ల" అన్నాడు. సెల్ నంబరు అడగడం కూడా అంతే. అడిగినవాడు ఓడినట్టు.

ఆఖరి రోజు వచ్చింది. నాలుగింటికి మోడెంలు కలిశాయి. అబ్బా ఉర్దూ పంపాడు, అంకుల్ తెలుగు పంపాడు. ఆ తర్వాత ఇద్దరూ తిట్టుకోలేదు. దానికే నాకు భయం వేసింది. తెర మీద కర్సర్ ఆడుతూ ఉంది. అబ్బా ఏదో కొట్టాడు, చెరిపాడు, మళ్లీ కొట్టాడు, మళ్లీ చెరిపాడు. అంతలో అవతలినుంచి అక్షరాలు ఒక్కొక్కటే రాసాగాయి.

"వాహిద్, పులివెందుల్లో ఆ దినం నేను"

'గారు' లేదు. అబ్బా కుర్చీ అంచుకు జరిగాడు.

సరిగ్గా అప్పుడే అమ్మీ ఇంట్లో, అదే తీగ మీదున్న రెండో ఫోన్ ఎత్తింది. దువ్వూరులో ఉన్న మా పిన్నమ్మకు చింతపండు ధర పెరిగిందని చెప్పాలట. డయలప్ నడిచేటప్పుడు ఎవరైనా ఫోన్ ఎత్తితే ఏమవుతుందో తెలిసిందే. లైను తెగింది, తెర ఆగింది. అబ్బా మళ్లీ డయల్ చేశాడు. ఈసారి అసలు టోనే లేదు. బయటకు వెళ్లి చూస్తే లాల్ బాషా స్తంభం మీదున్నాడు, చేతిలో మా తీగ.

"ఇంగొక్క నిమిషం ఆగలేకపోయినావా అప్పా!" అన్నాడు అబ్బా కిందినుంచి. ఆ గొంతు విని లాల్ బాషా పైనుంచి దిగడానికి కూడా భయపడ్డాడు.

తర్వాత మా ఇంట్లో గడిచిన రోజులు వర్ణించను. అమ్మీ మా పిన్నమ్మతో మాట్లాడడం మానేసింది. చింతపండు ధర తనంతట తానే పడిపోయింది. అబ్బా మాత్రం ఆ సగం వాక్యాన్ని నములుతూ కూర్చున్నాడు.

"పులివెందుల్లో ఆ దినం నేను... చెప్పిందే కరెక్టు అని రాసింటాడు."

"నేను... నిన్ను తన్నింటే బాగుండు అని రాసింటాడు."

కాసేపాగి, "అట్లయితే పేరు పక్కన గారు ఎందుకు తీసేస్తాడు పాపా?" అని నన్నే అడిగాడు.

లినక్స్‌ను తిట్టడం కూడా మానేశాడు. పరీక్ష కోసం నేను ఆయన తెర మీద పెంగ్విన్ బొమ్మ పెట్టాను. మామూలుగా అయితే ఇల్లు లేచిపోయేది. ఆయన దాన్ని చూసి, "తిండి పెట్టినావా దానికి?" అన్నాడు. ఇక చూస్తూ ఊరుకోకూడదనిపించింది.

సంజీవ్ అంకుల్ కూతురు ప్రశాంతి నాతో డిగ్రీ చదివింది. ఆమె నంబరు నా దగ్గర ఎప్పుడూ ఉంది. ఆ సంగతి పెద్దవాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. ఆమె ఫోన్ ద్వారా అంకుల్ తెలుగు తెప్పించి అబ్బాకు ఇచ్చాను.

"ఇది యాడిది?"

"వాట్సాప్‌లో వచ్చినాది అబ్బా. అరనిమిషం పట్టలేదు."

"కూత వచ్చినాదా?"

"లేదు."

"కూత లేకుండా వచ్చేది దొంగోడు" అని కార్డు పని మాత్రం చేసుకున్నాడు.

ప్రశాంతిని ఆ వాక్యం సంగతి అడగమన్నాను. అంకుల్ ఆమెకు చెప్పలేదట. "చెప్పాల్సినోనికి చెప్తా" అన్నాడట. ఆయన కూడా నాలుగింటికి మోడెం ముందు కూర్చుని, ప్రింటర్‌కు కమాండ్లు కొట్టడం మరచిపోతున్నాడట. లినక్స్ మనిషికి అంతకంటే పెద్ద జబ్బు లేదు.

కొత్త ఫైబర్ వచ్చింది. నంబరు పాతదే. అబ్బా పాత మోడెంను కొత్త పెట్టెకు తగిలించి డయల్ చేశాడు. అవతల "పీఁ" అంది. ఆ వెంటనే "టింగ్ టింగ్" అంది. "గర్ర్‌ర్" అంటూ రెండూ చాలాసేపు ఒకదాన్నొకటి పట్టుకోబోయి, జారిపోయాయి. మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. లోపల అమ్మీ రోజూ చాయ్ పెట్టేది. ఆ చాయ్ చల్లారిపోయేది.

నేనూ ప్రశాంతీ పథకం వేశాం. ఆమె నాలుగింటికి ముందే వాళ్ల మోడెం తీగ పీకేయాలి. అప్పుడు ఫోన్ మోగితే అంకుల్ చేత్తో ఎత్తక తప్పదు. ఇక్కడ నేను మా మోడెం తీగ పీకి, ఫోన్ అబ్బా చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఏమవుతుందో మేమిద్దరం ఆలోచించలేదు. గొప్ప పథకాలన్నీ అక్కడే ఆగుతాయి.

"అబ్బా, మోడెం అస్సలు పలకల్యా. లైను ఉందో లేదో నువ్వే చూడు. నంబరు కొట్టినా. ఆ పక్క పీ అంటాందేమో విను."

అబ్బా రిసీవర్ అందుకున్నాడు. నేను స్పీకర్ బటన్ నొక్కాను. అవతల గంట మోగుతోంది. మోగీ మోగీ ఆగింది. ఎవరో ఎత్తారు.

హలో లేదు. పీ లేదు. ఒక మనిషి ఊపిరి మాత్రం వినిపించింది.

నాలుగింటికి ఆ నంబరుకు ఎవరు చేస్తారో అంకుల్‌కు తెలుసు. ఎత్తింది ఎవరో అబ్బాకు తెలుసు. ఇద్దరి నోళ్లూ తాళం వేసినట్టున్నాయి. అబ్బా రిసీవర్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. పెట్టేస్తాడేమోనని నాకు భయం. పెట్టలేదు. మాట్లాడనూ లేదు. మా అంగడి గడియారం తిరగడం మానేసింది. దానికి బ్యాటరీ అయిపోయి ఏడాదైంది, అది వేరే సంగతి.

అప్పుడు జమ్మలమడుగునుంచి సన్నగా, పూర్తిగా మనిషి గొంతుతో, వినిపించింది.

"పీఁ..."

అబ్బా నావైపు చూశాడు. నేను కాదని రెండు చేతులూ ఎత్తి చూపించాను.

మోడెంలో ఎత్తినవాడే ముందు కూయాలి. అది నియమం. సంజీవ్ అంకుల్ నియమం తప్పలేదు. మాట్లాడనూ లేదు.

"పీఁ..." ఈసారి కొంచెం వణికింది. ఆ వెంటనే, "గర్ర్‌ర్..."

అబ్బా ముఖం మారిపోయింది. కోపం. అచ్చమైన, ఆరోగ్యకరమైన, చాలా రోజులుగా కనబడని కోపం.

"టింగ్ టింగ్ యాడప్పా?"

అవతల గర్రు ఆగిపోయింది.

"పీ అయినంక టింగ్ టింగ్ రావల్ల గదా! సక్కా గర్రు మీదికి దూకితే ఎట్ల? ఇన్నేండ్లు ఏం విన్యావు నువ్వు?"

"మా దాంట్లో టింగ్ ఇంత గట్టిగా ఉండదు" అంది ఫోన్.

"కూత మోడెంది మామా, బాతుది కాదు! లినక్స్ ఎక్కిస్తే మోడెం గొంతు గూడా మారుతాదా?"

"మారుతాది. వాల్యూం తగ్గించుకోవచ్చు మామా. ఒక్క కమాండు. మీ విండోస్‌లో అట్లాటియ్యి యాడుంటాయి?"

"ఉంటాది! ఈడ బటన్... పాపా, ఆ బటన్ యాడుంది?"

"ముందు మాట్లాడింది నువ్వే" అన్నాడు అంకుల్.

"మాట్లాడలే. దిద్దినా."

మళ్లీ ఊపిరి. ఈసారి తాళం లేదు.

"మామా," అన్నాడు అబ్బా, గొంతు తగ్గించి. "ఆ పొద్దు సగం రాసినావు. పులివెందుల్లో ఆ దినం నేను... ఏంది నువ్వు?"

"ఏం లేదు లే."

"చెప్పప్పా. తిండి సయించక సస్తాండా."

"అదే," అన్నాడు అంకుల్. "నేను గూడా తినలే. నువ్వు లేచిపోయినంక నేను ఇంగెట్ల తింటా? నీ వెనకాలే వచ్చినా బస్టాండుకు. నీ బస్సు పోయింది. జమ్మలమడుగు దంకా పస్తుతోనే పోయినా. ఇంట్లో లీలమ్మ ఆ రాత్రి ఉప్మా చేసింది. ఆ ఉప్మా రుచి ఇంగా గుర్తుంది మామా, అంత ఘోరంగా ఉండె."

అబ్బా కళ్లజోడు తీసి తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. ఇన్నేళ్లుగా ఆయన మనసులో సంజీవ్ అంకుల్ ఆ ఫంక్షన్ హాల్లో కూర్చుని తింటూనే ఉన్నాడు. పాపం, లేచే వీల్లేకుండా ఇన్నేళ్లు తిన్నాడు.

లోపల్నుంచి అమ్మీ చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చింది. "మోడెం కలిసిందా? గర్రు విన్యా" అంది.

"కలిసింది," అన్నాడు అబ్బా. తర్వాత ఫోన్‌లో, "ఆదివారం రా మామా. లీలమ్మను, పాపను తోడుకోని రా. బాతును తేవద్దు."

"తెస్తా. నీ మిషన్ పక్కన పెట్టి చూపిస్తా, ఏది ముందు లేస్తాదో."

ఆదివారం తెచ్చాడు కూడా. మూత మీద పెంగ్విన్ అంటించిన ల్యాప్‌టాప్. లీలమ్మ ఆంటీ చేతిలో టిఫిన్ డబ్బా. అందులో ఉప్మా లేదని ఆమె మొదటే చెప్పింది. నేనూ ప్రశాంతీ ఒకరినొకరు కొత్తగా చూసినట్టు నమస్కారాలు పెట్టుకున్నాం. అబ్బా, అంకుల్ రెండు మిషన్లు పక్కపక్కన పెట్టి ఒకేసారి ఆన్ చేశారు. అంకుల్‌ది లేచి కూర్చుంది. మాది ఇంకా ఒళ్లు విరుచుకుంటోంది. "పెద్ద మనిషి నిదానంగానే లేస్తాడు" అని అబ్బా మొదలుపెట్టాడు. "లేస్తాడో లేదో డాక్టర్‌ను అడుగు" అని అంకుల్ అందుకున్నాడు. గొంతులు పులివెందుల ఎత్తుకు చేరుతున్నాయి.

అమ్మీ బిర్యానీ గిన్నె తెచ్చి నేల మీద చప్పుడయ్యేలా పెట్టింది. "ఇద్దరిలో ఎవరన్నా తినకుండా లేచినారంటే, రెండు మిషన్లూ పెన్నలో ఏసొస్తా."

ఇద్దరూ కూర్చున్నారు. తిన్నారు. కాసేపు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ గురించీ మాట రాలేదు. అంకుల్ విస్తరి ఖాళీ అయింది. అమ్మీ గరిటె ఎత్తితే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "చాలు అక్కా, శానా అయింది" అన్నాడు.

అబ్బా ఆ చేతిని పట్టి పక్కకు జరిపాడు.

"ఎయ్యి మైమూన్. దాల్చా గూడా ఎయ్యి. రెండోతూరి తిన్నాడని ఇన్నేండ్లు తిట్టినా. ఇప్పుడన్నా తిననీ."